సొరజాతి మీనముల జన్యుగ్రంథ పరిణామము: విశాఖ తీరమునుండి ఒక పరిశీలనము

1

పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశీయుడైన వైద్యుడు పదునెనిమిదవ శతాబ్ది తుదిభాగమున ఈస్టిండియా కంపెనీ కొలువున నుండి విశాఖపట్టణమున కొన్ని యేండ్లు నివసించెను. కంపెనీవారు 1785లో అతనిని కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. 1789లో అతడు స్వదేశమునకు మరలెను. విశాఖ తీరమున సేకరించిన 200 చేపల వర్ణనములును చిత్రములును గల అతని గ్రంథము 1803లో లండను నగరమున రెండు సంపుటములుగా వెలువడెను. మత్స్యశాస్త్రజ్ఞులకు ఈ గ్రంథము సుపరిచితమే. తెలుగు భాషాపరిశోధకులకు గూడ ఇది పరిచితము కావలసియున్నది. ఏలయన, రస్సెల్ తాను చూచిన చేపలకు ఈ తీరపు జాలరులు పలికిన పేరులను చెవికి తోచినట్లు ఆంగ్లలిపిలో వ్రాసి, వానిని చిత్రములతోబాటు నిలిపెను. ఆ పేరులలో పాలసొర కలదు, టెంకి కలదు, తిమిరి కలదు, నల్లతిమిరి కలదు.

ఈ నాలుగును ఎముక లేని చేపల పేరులు. వీని అస్థిపంజరమంతయు మృదులాస్థితో, అనగా మన చెవిదొప్పలోను ముక్కుకొనలోను ఉండు మెత్తని పదార్థముతో, ఏర్పడినది. సొరలు, బల్లపరుపుగా నుండు టెంకులు, విద్యుద్ఘాతముచే చేతికి తిమ్మిరి పుట్టించు తిమిరిచేపలు, లోతునీట సంచరించు ఏనుగుచేప మొదలగునవి ఈ వర్గమునకు చెందును. రస్సెల్ కాలమున వీనిని గూర్చి తెలిసికొనుటకు కంటిచూపును కత్తియును మాత్రమే సాధనములు. నేడు ఈ మీనముల దేహమందలి ప్రతికణమునను దాగియున్న వంశలేఖనమును అక్షరాక్షరము చదువుట సాధ్యమైనది. ఆ లేఖనమునే జీనోము అందురు. దానిని మేము ఈ వ్యాసమున జన్యుగ్రంథము అని వ్యవహరింతుము. సొరజాతుల జన్యుగ్రంథము ఎట్లు మారుచు వచ్చినది, ఏది మారక నిలిచినది, దానివలన మనకు తెలియునది యేమి అను ప్రశ్నలను భాషాసాహిత్య విద్యార్థులకు బోధపడు రీతిని వివరించుట మా ఉద్దేశము.

2

గ్రంథమను మాటను మేము కేవలము అలంకారముగా వాడలేదు. డి.ఎన్.ఏ. అను దీర్ఘమైన అణువునందు నాలుగే అక్షరములు గలవు. ఆ నాలుగింటి వరుసయే జీవి నిర్మాణమునకు ఆధారము. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు ఈ గ్రంథము ప్రతి యెత్తబడుచు వచ్చును. ప్రతులెత్తువాడు ఎంత నిపుణుడైనను లేఖకప్రమాదములు తప్పవుగదా. ఒక అక్షరమునకు మారుగా మరొకటి పడుట, ఒక పంక్తి జారిపోవుట, ఒక పత్రము రెండుమార్లు వ్రాయబడుట, పరాయి పద్యము ప్రక్షిప్తముగా చొరబడుట, ఇవన్నియు తాళపత్రప్రతులను పరిష్కరించువారికి నిత్యానుభవములు. జన్యుగ్రంథమునందును ఇట్టివే జరుగును. మారిన ప్రతి బ్రతికి సంతానమును కన్నచో ఆ పాఠభేదము నిలుచును. కాకున్న ఆ ప్రతితోడనే అది నశించును.

ప్రతుల సంబంధమును నిర్ణయించుటకు పరిష్కర్త ఏమి చేయును? రెండు ప్రతులయందు ఒకే తప్పు కనిపించినచో అవి ఒక మాతృకనుండి పుట్టినవని ఊహించును. తులనాత్మక భాషాశాస్త్రమునందును ఇదే న్యాయము చెల్లును. తమిళమున ‘ఇరండు’, ‘ఉరల్’ అనియున్నచోట తెలుగున ‘రెండు’, ‘రోలు’ అని వర్ణవ్యత్యయము జరిగినది. ఇట్టి వ్యత్యయము గోండి, కువి మొదలగు భాషలయందును కానవచ్చుటచేత తెలుగును వానితో ఒక ఉపకుటుంబమున చేర్చుటకు బలము కలిగినది. ఇట మనము గమనింపవలసినది ఒకటి గలదు. ఇద్దరును పాతదానిని నిలుపుకొనుట బంధుత్వమునకు గట్టి సాక్ష్యము కాదు. ఇద్దరును కలసి క్రొత్తగా మారుటయే సాక్ష్యము. ‘సొర’ అను పదమునే చూడుడు. తమిళమున ‘సుఱా’ అనియు, మలయాళమున ‘స్రావు’ అనియు దీనికి సోదరపదములు గలవు. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని మాతృరూపము ఊహకు అందదు. సొరయొక్క జన్యుగ్రంథమును గూడ ఒంటరిగా చదివి ప్రయోజనము లేదు. మనుష్యునిదానితో, కోడిదానితో, ఎముకగల చేపదానితో పోల్చి చదువవలెను.

ఐతే ఉపమానమునకు హద్దు కలదు. భాషలు పొరుగు భాషలనుండి పదములను విరివిగా ఎరువు తెచ్చుకొనును. వెన్నెముక గల జీవులు పరజాతులనుండి జన్యువులను ఎరువు తెచ్చుకొనుట మిక్కిలి అరుదు. కావున జీవుల వంశవృక్షమున కొమ్మలు తిరిగి అల్లుకొను చిక్కు భాషలయందున్నంత లేదు.

3

సొరజాతి మీనములును, మనతో సహా ఎముకగల సమస్త సకశేరుకములును సుమారు 45 కోట్ల సంవత్సరములకు పూర్వము ఒకే పూర్వికునినుండి చీలినవి. దవడలు గల జీవుల వంశమున ఇదియే మొట్టమొదటి పెద్దచీలిక. అందువలన ఈ రెండు కొమ్మలయందును సమానముగా నున్నది ఆ ఉమ్మడి పూర్వికునియందు ఉండియుండునని నిర్ణయింపవచ్చును. మన వంశపు ప్రాచీనపాఠమును పునర్నిర్మించుటకు సొర మనకు రెండవ సాక్షి. ఒక్క సాక్షి యున్నచోట వాదమే గాని నిర్ణయము లేదు. సొరల జన్యుగ్రంథమునకు ఇంతటి గౌరవము కలుగుటకు కారణమిదియే.

ఈ వర్గమున మొదట పూర్ణముగా చదువబడినది ఆస్ట్రేలియా, న్యూజిలాండు దక్షిణజలములయందు దొరకు ఏనుగుచేప గ్రంథము. సింగపూరునందు పరిశోధన సాగించిన బైరప్ప వెంకటేశ్, ఆయన సహచరులు 2007లో దీని స్థూలపఠనమును, 2014లో సమగ్రపఠనమును ప్రకటించిరి. ఆ చేపను ఎన్నుకొనుటకు కారణము దాని గ్రంథము చిన్నదగుట. అందు సుమారు 100 కోట్ల అక్షరములు గలవు. మానవునియందు 310 కోట్లకు చేరువగా నున్నవి. తరువాత 2018లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు వెదురుసొర అనదగిన ఒక జాతియందు సుమారు 470 కోట్లును, పిల్లిసొర యను మరియొక జాతియందు 670 కోట్లును అక్షరములున్నట్లు ప్రకటించిరి. తిమింగిలసొరయందు 380 కోట్లు గలవని వారు అంచనా వేసిరి.

పిల్లిసొర గ్రంథము మనగ్రంథమునకు రెట్టింపునకు మించి యున్నది. అంతమాత్రమున దాని బుద్ధియో శరీరమో మనకంటె సంకీర్ణమైనదని యనుకొనరాదు. ప్రోటీనులను నిర్మించు జన్యువుల సంఖ్యయందు ఈ జీవులకు పెద్ద భేదము లేదు. గ్రంథము పెరిగినది ప్రక్షిప్తములచేత. తన్నుతానే ప్రతియెత్తుకొని గ్రంథమున వేరొకచోట చొచ్చుకొనిపోవు అక్షరఖండములు కొన్ని గలవు. అవి సొరలయందు కోట్లయేండ్లుగా పేరుకొనుచు వచ్చినవి. ఒక్కొక్క జన్యువు నడుమను అర్థరహితములుగా తోచు దీర్ఘమైన అంతరములు ఏర్పడినవి. మూలకథ పెరుగకయే గ్రంథము లావైనదన్నమాట.

4

సుసుము ఓనో అను జపనీయశాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించిన గ్రంథమున ఒక సాహసోపేతమైన ఊహను విస్తరించి చెప్పెను. సకశేరుకముల పూర్వికులయందు జన్యుగ్రంథము సంపూర్ణముగా ద్విగుణితమై, ఆ అదనపు ప్రతులే క్రొత్త పనులకు ఉపకరించెనని అతని వాదము. ఒకే ప్రతి యున్నచో దానియందు తప్పుదొర్లిన జీవికి ప్రాణహాని. రెండున్నచో ఒకటి పాతపని చేయుచుండగా రెండవది మారుటకు స్వేచ్ఛ కలుగును. నేడు ఈ ద్విగుణీకరణము రెండుమార్లు జరిగినదని పెక్కురు అంగీకరింతురు. సొరలును మనమును చీలుటకు ముందే ఆ రెండును ముగిసినవి.

దీనికి స్పష్టమైన నిదర్శనము హాక్స్ జన్యువుల గుంపులు. తలనుండి తోకవరకు ఏ భాగమున ఏ అవయవము రావలెనో నిర్దేశించు జన్యువులివి. వెన్నెముకలేని దగ్గరి బంధువగు ఆంఫియాక్ససునందు వీనిగుంపు ఒక్కటియే. మనయందు నాలుగు. ఏనుగుచేపయందును నాలుగే. ఐతే సొరలయందును టెంకులయందును ఈ నాలుగింటిలో మూడవది, అనగా సి అను గుంపు, చాలవరకు శిథిలమైపోయినది. ముఖ్యమైనదని తలచిన ఒక సంపుటమే ఇంతగా జీర్ణించినను ఆ జాతులు చక్కగా జీవించుచున్నవి. మిగిలిన మూడు సంపుటములు దాని పనిని కొంతవరకు పంచుకొనినవని ఊహింపవచ్చును.

మనము నిత్యము తిను ఎముకచేపలలో అధికభాగము పూర్వికులయందు ఇదిగాక మూడవ ద్విగుణీకరణము గూడ జరిగినది. ఆ పిమ్మట అందు అనేక జన్యువులు రాలిపోయి, మిగిలినవి స్థానములు మారినవి. సొరలకు ఈ మూడవది లేదు. కావుననే ఏనుగుచేపయందు జన్యువులు వరుసదీరియున్న క్రమము, ఎముకచేపలయందలి క్రమముకంటె, మానవునియందలి క్రమమునకు దగ్గరగా నున్నది. ఎముకచేప మనకు బంధుత్వమున దగ్గర. పాఠక్రమమున మాత్రము సొరజాతిది దగ్గర. దగ్గరి చుట్టముచేతనున్న ప్రతి చిందరవందరై, దూరపు చుట్టముచేత పత్రములు చెదరక నిలిచినట్లున్నది ఈ విషయము.

5

2014 నాటి పరిశోధనమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన నిర్ణయము వేగమును గూర్చినది. అప్పటికి చదువబడిన సకశేరుకములన్నిటిలో ఏనుగుచేప ప్రోటీనుపాఠము మిక్కిలి నెమ్మదిగా మారినది. 1938లో సజీవముగా దొరకి లోకమును ఆశ్చర్యపరచిన సీలకాంత్ మత్స్యముకంటెను ఇది నిదానమైనది. 2023లో ఆస్ట్రేలియా తీరపు చిన్నసొర యొకదాని తల్లిదండ్రుల గ్రంథములను పిల్లల గ్రంథములతో నేరుగా పోల్చి, ఒక్కతరమున ఎన్ని లేఖకప్రమాదములు క్రొత్తగా పుట్టునో లెక్కించిరి. వందకోట్ల అక్షరములకు 0.7, అనగా ఒకటికి లోపు. మానవునియందు అదే లెక్కకు సుమారు 12. ఇంతటి జాగరూకుడైన లేఖకుడు అప్పటివరకు సకశేరుకములయందు కనబడలేదు.

ఈ నెమ్మదికి కారణము ఇదమిత్థమని నిర్ణయింపబడలేదు. చల్లని రక్తము, మందమైన జీవక్రియ, ఆలస్యముగా సంతానము కనుట, తప్పులను దిద్దు యంత్రాంగము చురుకుగా నుండుట అను ఊహలు గలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క జాతియందు సరిపడుచు, మరియొకదానియందు తప్పుచున్నది.

ఇట రెండు అపోహలను తొలగింపవలసియున్నది. నెమ్మదిగా మారిన గ్రంథము గల జీవి ప్రాచీనమైనదియు, మొరటైనదియు అని అనుకొనుట మొదటి అపోహ. మారుటకు సొరలకును మనకును లభించిన కాలము సమానమే. పైగా అక్షరములు నిదానించినచోటనే అమరిక క్రొత్తపుంతలు త్రొక్కవచ్చును. 2023లో ప్రకటింపబడిన చిన్నటెంకి జన్యుగ్రంథము దీనికి చక్కని ఉదాహరణము. దాని క్రోమోసోములు ప్రాచీనక్రమమును చాలవరకు కాపాడుకొన్నవి. ఐనను ఏ జన్యువు ఎప్పుడు ఎచట మేల్కొనవలెనో నిర్ణయించు భాగములయందు కలిగిన మార్పులచేత దాని ముందురెక్కలు తలవరకు విస్తరించి పక్షిరెక్కలను తలపించుచున్నవి. పదములు మారకయే అన్వయము మారినది. సొరలయందు 1995లో కనుగొనబడిన ఒక విలక్షణమైన రక్షకప్రోటీను, మన రక్తమునందలివానికంటె చిన్నదై, సూక్ష్మమైన సందులయందును చొరగలిగినదై, నేడు ఔషధనిర్మాతల దృష్టిని ఆకర్షించుచున్నది. వెనుకబడిన జీవికి ఇట్టి సొంతకల్పన ఎట్లు కలుగును?

సొరలకు పుట్టకురుపు రాదనుట రెండవ అపోహ. ఇది సొరమృదులాస్థి పొడిని మందుగా అమ్ముకొనువారికి లాభించిన మాట. సొరలయందు కంతులు పెరుగుట శాస్త్రజ్ఞులచే నమోదైనది. లేఖకప్రమాదములు తక్కువ యగుట వేరు, లేకుండుట వేరు.

6

ఎముక ప్రశ్న మరింత ఆసక్తికరము. ఎముకగట్టి పడుటకు తోడ్పడు ఒక ప్రోటీనుల కుటుంబము మనయందును ఎముకచేపలయందును కలదు. ఏనుగుచేపయందు ఆ జన్యువులు లేవు. జీబ్రాచేప పిండములయందు ఆ కుటుంబపు జన్యువు నొకదానిని అణచి చూడగా ఎముక యేర్పడుట తగ్గెను. సొరలకు ఎముక లేకుండుటకు ఇదియే కారణమని 2014లో సూచింపబడినది.

ఐతే 2020లో మంగోలియాయందు దొరకిన సుమారు 41 కోట్ల యేండ్లనాటి ఒక కవచమత్స్యపు శిలాజము పుఱ్ఱెలోపల నిజమైన ఎముకను చూపెను. ఆ మత్స్యము సొరలును మనమును చీలుటకు ముందటి కాండమునుండి వెలువడిన కొమ్మకు చెందినది. అట్లైనచో ఆ ఉమ్మడి పూర్వికునకే ఎముక యుండి, సొరలవంశము దానిని పిమ్మట విడిచిపెట్టియుండవచ్చును. ఒక ప్రతియందు ఒక పద్యము లేకున్నచో, అది మాతృకయందే లేదా, లేక ఈ లేఖకుడు విడిచెనా అను సందేహము పరిష్కర్తలకు పరిచితమే. ఒక్క ప్రతిని చూచి తీర్పుచెప్పరాదు. ఇచట జన్యుగ్రంథమును శిలాజమును ఒకదానినొకటి ప్రశ్నించుచున్నవి.

రస్సెల్ వ్రాసికొనిన పేరులకు సంబంధించిన విశేషమొకటి ఈ సందర్భమున చెప్పవలెను. 1990 ప్రాంతమున కొందరు శరీరనిర్మాణమును ఆధారముగా గొని, టెంకులు సొరలలోనుండియే పుట్టిన ఒక ఉపశాఖయని వాదించిరి. అట్లైనచో టెంకి యనగా చదునైన సొరయే. జన్యుసాక్ష్యము ఈ వాదమును త్రోసిపుచ్చినది. టెంకులవంశము సొరలవంశమునుండి మిక్కిలి పూర్వమే వేరుపడినది. ఈ తీరపు జాలరులు సొరను సొరయనియు, టెంకిని టెంకియనియు వేరువేరుగా పిలిచిరి. తిమిరి మాత్రము వంశమున టెంకులతో చేరును. చేతికి తగిలిన దెబ్బయే దానికి వేరుపేరు పెట్టించినది. జానపదుల వర్గీకరణము ఎచట వంశమును అనుసరించినది, ఎచట అనుభవమును అనుసరించినది అనుట స్వతంత్రమైన పరిశోధనకు తగిన విషయము.

7

ఈ గ్రంథములు చదువువారు లభించిన కాలముననే గ్రంథములు నశించు కాలమును దాపురించినది. 2021లో 1,199 మృదులాస్థిమత్స్య జాతులను పరిశీలించిన అంతర్జాతీయనిపుణులు, వానిలో మూడవవంతు జాతులు అంతరించు ప్రమాదమునకు లోనైనవని తేల్చిరి. ముఖ్యకారణము మితిమీరిన వేట. పెద్దసొరలు ఈడేరుటకు పెక్కుయేండ్లు పట్టును. అవి కను పిల్లలు తక్కువ. లక్షలాది గ్రుడ్లుపెట్టు ఎముకచేపలకు చెల్లిన వేట వీనికి చెల్లదు. జన్యుగ్రంథపు నెమ్మది ఇచట గుర్తుకు తెచ్చుకొనదగినది. క్రొత్తపాఠములు అరుదుగా పుట్టు వంశమున, సంఖ్య తగ్గినకొలది పోయిన పాఠభేదములు తిరిగి కలుగుటకు దీర్ఘకాలము పట్టును. నలుబదిఐదు కోట్ల యేండ్లు నిదానముగా కాపాడబడినది కొన్ని దశాబ్దములలో చేజారవచ్చును.

భారతప్రభుత్వము 2001 మేలో తిమింగిలసొరను వన్యప్రాణి సంరక్షణచట్టమున ప్రథమపట్టికయందు చేర్చెను. ఆ యేడే మరికొన్ని చేరి మొత్తము పది మృదులాస్థిమత్స్యములకు రక్షణ కలిగెను. వానిలో రంపపుముట్టె గల చేపలు కలవు. 2013లో రెక్కలు కోసి దేహమును సముద్రమున పారవేయుట నిషేధింపబడెను. 2015లో సొరరెక్కల ఎగుమతి నిలుపబడెను. 2022 నాటి సవరణచే రక్షితజాతుల సంఖ్య ఇంకను పెరిగెను. విశాఖ ప్రాంతమున తంతడితీరమున 2021 డిసెంబరులో వలకు చిక్కిన ఒక తిమింగిలసొరను అటవీశాఖవారును జాలరులును కూడి తిరిగి సముద్రమునకు పంపిరి. ఇది సంతోషింపదగిన విషయము. కాని చిన్నజాతులకు ఇట్టి గౌరవము దక్కుట అరుదు. బాలింతలకు పాలుపడునని సొరపిట్టు పెట్టు ఆచారము మన తీరమున కలదు. పాలసొర యను పేరును అట్టి నమ్మకమునే సూచించుచున్నది. ఆ ఆచారమును నిందించుట మా యుద్దేశము కాదు. పేదయింటి ఆహారమునకును, దూరదేశపు విందునకై జరిగిన రెక్కలవ్యాపారమునకును భేదము కలదు. జాలరుల జీవనమును కాదని చేయు సంరక్షణ నిలువదు.

జాతులతోబాటు వాని పేరులును పోవుచున్నవి. 1839లో మ్యూలర్, హెన్లె అను జర్మనుశాస్త్రజ్ఞులు ఒక సొరకు శాస్త్రీయనామమునందు ‘సొర్రా’ అను మన దక్షిణదేశపదమును చేర్చిరి. లోకమంతట ఆ చేప నేటికిని ఆ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. శాస్త్రమున నిలిచిన పదము మన నిఘంటువులయందు ఒక్కపంక్తి వివరణతో ముగియుట ఉచితము కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటము వ్యవసాయపదములను ఎట్లు గ్రామగ్రామమునుండి సేకరించెనో, ఆ పద్ధతినే మృదులాస్థిమత్స్యముల పేరులకును అనువర్తింపవచ్చును. విశాఖ చేపలరేవు, పెదజాలారిపేట, భీమునిపట్టణము, పూడిమడక తీరములయందు వృద్ధులగు వాడబలిజ, జాలరి కులస్థుల నడిగి, రస్సెల్ పేరులలో ఏవి నేటికిని వాడుకయందున్నవి, ఏవి మారినవి, ఏ పేరు ఏ జాతికి చెల్లును అని నిర్ణయింపవలెను. జంతుశాస్త్రవిద్యార్థి ఒకడు తోడున్నచో పేరుపలికిన చేపనుండియే చిన్నతునక తీసి జన్యుపాఠమును గూడ నమోదుచేయవచ్చును. అప్పుడు పదమును పదార్థమును ఒకేపత్రమున చేరును. రేవునందలి పేరులు ఆ వృద్ధుల నోట ఉన్నంతవరకే మనకు దొరకును. కావున ఈ పని వాయిదాకు తగినది కాదని పరిశోధకమిత్రులకు మా మనవి.